యుఫ్రాసియా చెయ్యెత్తిన పూట

పందొమ్మిదేళ్ళుగా నేను మనుషులకు అడవి చూపిస్తున్నాను. కుస్కో నగరంలో వ్యాను ఎక్కించి, కొండ దాటించి, మబ్బు అడవిలోంచి కిందికి దించి, పడవలో కూర్చోబెట్టి, వాన అడవి నడిబొడ్డుకు తీసుకుపోతాను. నాలుగొందల పక్షుల పేర్లు కూత వినే చెప్పగలను. అయినా మా యాత్రికులు ఇళ్ళకు చేరాక రాసే ఉత్తరాల్లో నా గురించి ఒక ముక్క ఉంటే, యుఫ్రాసియా సూపు గురించి అర పేజీ ఉండేది. ఈ విషయంలో నాకు కాస్త కడుపుమంట ఉండేది, దాచుకోను.

యుఫ్రాసియా మా వంటమనిషి. రెండేళ్ళుగా మాతో రావడం లేదు. అడిగినవాళ్ళకు మోకాళ్ళ నొప్పులని చెబుతున్నాను. అది అబద్ధం.

ఆమెది పౌకర్తాంబో పక్కన కొండపల్లె. పొట్టి మనిషి, వీపు మీద రెండు జడలు, తల మీద ఎండకూ వానకూ తియ్యని టోపీ. భర్త నడిపే లారీ లోయలో పడిపోయినప్పుడు ఆమెకు ముప్పై అయిదేళ్ళు, కూతురు నేలిదాకు మూడు. పిల్లను తల్లి దగ్గర వదిలి మా ఏజెన్సీలో చేరింది. నేను గైడుగా చేరేనాటికే ఆమె పాత కాపు. కొండల ఎత్తులో నీళ్ళు మరుగుతాయి గానీ బంగాళాదుంప ఉడకదు. అందుకని ప్రెషర్ కుక్కరును పసిపిల్లలాగా ఒళ్ళో పెట్టుకునే ప్రయాణం చేసేది. మొదటి యాత్రలో నేనొక పిట్టను తప్పుగా చెబితే, వెనక సీట్లోంచి అందరికీ వినబడేలా అంది: “నాయనా, అది నువ్వు చెప్పిన పిట్ట కాదు. నువ్వు చెప్పిందాన్ని నేను నిన్న చూశాను, దాని తోక ఇంకా బాగుంటుంది.” అప్పటి నుంచి ఆమె నాకు పిన్ని. నేను ఆమెకు నాయన.

ఆ కళ్ళు చిన్నప్పుడు కొండల మీద గొర్రెలను కాసిన కళ్ళు. నక్క ఏ రాతి వెనకనుందో మైలు దూరం నుంచి కనిపెట్టడం అలవాటైన మనిషికి అడవిలో దాగేదేముంటుంది. నది మీద మా జట్లన్నిటికీ ఒక పద్ధతి ఉంది. జంతువును ముందుగా చూసినవాళ్ళు అరవకూడదు, చెయ్యెత్తాలి. చెయ్యి లేస్తే పడవవాడు ఎందుకని అడగడు, మోటారు ఆపేస్తాడు. వంటమనిషి కూర్చునేది పడవ వెనక, గిన్నెల మూటల మీద, పడవవాడి పక్కన. ముందు కూర్చుని దుర్భిణి పట్టుకున్న నాకంటే, వెనక దుంపలు చెక్కుతూ కూర్చున్న ఆమె చెయ్యే ముందు లేచేది. జాగ్వారును మావాళ్ళు పులి అనే అంటారు. నేను ఇంతవరకు చూపించిన పులుల్లో సగానికి పైగా ఆమె చెయ్యెత్తగా చూసినవే. పక్క జట్టు గైడులు నన్ను ఏడిపించేవాళ్ళు: “మీ పిన్ని రాని రోజు నువ్వు జనానికి కోళ్ళను చూపిస్తావా ఏంటి?”

ఆమెకు ఇంకో విద్య ఉంది. పురుళ్ళు పోస్తుంది. కడుపులో బిడ్డ అడ్డం తిరిగి ఉంటే, తల్లిని దుప్పట్లో పడుకోబెట్టి, నాలుగు కొసలూ నలుగురిచేత పట్టించి, అటూ ఇటూ మెల్లగా ఊపిస్తూ, పొట్ట మీద చేతులు వేసి బిడ్డ తలను కిందికి తెస్తుంది. వాళ్ళ అమ్మ నేర్పింది. అలా పదకొండు మందిని తిప్పానని చెప్పేది. ఆ లెక్క చెప్పేటప్పుడు మాత్రం ఆమెలో కాస్త గర్వం కనబడేది.

నేలిదా పెరిగి, కింద నది ఒడ్డున శాన్ వాలెంతీన్ అనే ఊరి కుర్రాణ్ణి చేసుకుంది. ఆ ఊరికి రోడ్డు లేదు. నేలిదాకు రెండుసార్లు కడుపు వచ్చి పోయింది. మూడోసారి నిలబడింది. రెండేళ్ళ కిందటి ఆగస్టు యాత్రలో యుఫ్రాసియా ఏజెన్సీ దగ్గర సెలవు తీసుకునే బయల్దేరింది. మూడో రోజు పడవ ఆ ఊరి మీదుగానే పోతుంది. యాత్ర ముగిసి తిరిగొచ్చేటప్పుడు అక్కడ దిగిపోయి, నెల తర్వాత పురుడు పోసి రావాలని అనుకుంది. మూటలో బుల్లి ఉన్ని టోపీ ఒకటి కూడా అల్లి పెట్టుకుంది.

ఆ యాత్రలో హాలండు నుంచి వచ్చిన నలుగురున్నారు. వాళ్ళలో హెండ్రిక్ అనే ఆయన రిటైరైన హెడ్మాస్టరు. పులిని చూడాలని అప్పటికి రెండుసార్లు మా అడవికి వచ్చి చూడకుండా వెళ్ళాడట. ఇది మూడోసారి. మనిషి మర్యాదస్థుడు. మొదటి రోజు భోజనం కాగానే వంటింటి గుమ్మం దాకా వచ్చి, టోపీ తీసి, యుఫ్రాసియాకు వచ్చీరాని స్పానిష్‌లో కృతజ్ఞతలు చెప్పాడు.

ఆ సాయంత్రం ఆరింటికి మబ్బు అడవిలోని మా బసలో రేడియో పలికింది. నది ఊళ్ళన్నీ ఆ వేళకు రేడియో మీద మాట్లాడుకుంటాయి. శాన్ వాలెంతీన్ బడిపంతులు పిలిచాడు.

“యుఫ్రాసియా గారూ, మీ అమ్మాయికి పొద్దుటి నుంచి నొప్పులు వచ్చిపోతున్నాయి. బిడ్డ అడ్డంగా ఉందని మంత్రసాని లూసమ్మ అంటోంది. నర్సు వారం దాకా రారు. అల్లుడు కలప పనికి పోయాడు. ఓవర్.”

యుఫ్రాసియా చేతులు తుడుచుకుని మైకు అందుకుంది. “ఉమ్మనీరు పోయిందా? ఓవర్.”

“లేదంటోంది. ఓవర్.”

“పోకుండా చూడమను. నడవనివ్వద్దు. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టమను. మంత్రసాని మాటలు విని ఎవరూ పొట్ట నొక్కద్దు. నేనొచ్చేదాకా ఏం చెయ్యద్దు. వస్తున్నా. ఓవర్.”

మైకు పెట్టేసి అక్కడే బెంచీ మీద కూర్చుంది. చేతిలో ఏ పనీ లేకుండా ఆమె కూర్చోగా నేను చూడటం అదే మొదలు.

“నీరు పోనంతసేపు తిప్పగలను నాయనా,” అంది. “నీరు పోయిందా, బిడ్డ బిగుసుకుపోతుంది. ఇంక దుప్పటీ పనిచెయ్యదు, నేనూ పనిచెయ్యను.”

“వీళ్ళకి చెప్పేస్తాను పిన్నీ. మంచివాళ్ళే. దారిలో ఏదీ చూడకుండా తిన్నగా పోదాం.”

“చెప్పావంటే నీ మొహం చూడను.”

“ఎందుకని?”

“పురుడు అయ్యేదాకా పరాయివాళ్ళ చెవిన పడకూడదు. పడితే బిడ్డకి దారి మూసుకుపోతుంది. మా అమ్మ తన కళ్ళతో చూసింది. నేలిదాకి రెండు పోయాయి. రెండుసార్లూ నేనే సంబరపడి ఊరంతా చాటాను. ఈసారి నా నోరు నేను కుట్టుకున్నా. నువ్వూ కుట్టుకో.”

నేను సరేనన్నాను. ఆమె నమ్మకం మీద గౌరవంతో అన్నానని చెప్పుకుంటే బాగుంటుంది. కానీ ఇంట్లో గొడవలు యాత్రికుల దాకా తెచ్చిన జట్టును మా ఏజెన్సీ మళ్ళీ పిలవదు. ఆ భయం కూడా నాకుంది. ఇద్దరం ఎవరి కారణంతో వాళ్ళం నోరు మూసుకున్నాం.

పడవలు చీకట్లో నడవవు. కింది రేవుకు రోడ్డు ఉంది గానీ, కొండచరియలు తవ్వే పనివాళ్ళు దాన్ని పొద్దున్న పదింటికి తప్ప తెరవరు. రేవులో వేరే పడవ దొరుకుతుందేమోనని రేడియోలో అడిగితే, సరుకుల పడవ ముందురోజే వెళ్ళిపోయిందన్నారు. అంటే మా యాత్ర ఎంత తొందరగా పోతే ఆమె అంత తొందరగా పోతుంది. వేరే దారి లేదు.

రెండో రోజు తెల్లవారుజామున తుంకి పక్షుల నాట్యం. నిప్పుకణాల్లాంటి ఎర్రటి మగ పక్షులు కొమ్మల మీద తలలు ఊపుతూ అరుస్తూ ఆడేదాన్ని చూడడానికి మనుషులు సముద్రాలు దాటి వస్తారు. ఇరవై నిమిషాలకే లేపేశాను. వాన వస్తోంది, దారి తెగుతుందన్నాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. దారిలో ఉన్ని కోతుల గుంపు కనబడితే వ్యాను ఆపలేదు. ఎవరో వెనకనుంచి “అదిగో కోతులు” అంటే, కింద ఇంకా మంచివి ఉన్నాయన్నాను. నా జన్మలో కోతులను తిట్టింది ఆ రోజే. పదింటికి రోడ్డు తెరిచే చోటుకు ఎనిమిదింటికే చేరి, రెండు గంటలు ఇనప గేటును చూస్తూ కూర్చున్నాం. యుఫ్రాసియా కుక్కరును పొట్టకు అదుముకుని, కాలుగాలిన పిల్లిలాగా వ్యాను చుట్టూ తిరిగింది.

రేవు చేరేసరికే పొద్దు వాలింది. ఆ సాయంత్రం రేడియోలో నీరు ఇంకా పోలేదన్నారు. నొప్పులు తగ్గి మళ్ళీ వస్తున్నాయట. యుఫ్రాసియా ఆ రాత్రి వంట తప్పు లేకుండా చేసింది. ఉప్పు కూడా సరిగ్గా పడింది.

మూడో రోజు అయిదింటికే పడవ కదిలించాం. పడవవాడు అమాదోకు సంగతి చెప్పాను; అతను తలూపి మోటారు చెవి మెలిపెట్టాడు. పంచవన్నెల చిలుకలు మట్టి తినడానికి వచ్చే గట్టు దగ్గర రెండు గంటలు ఆగాలి. ఈ నెలలో చిలుకలు రావని చెప్పి ముందుకు పోనిచ్చాను. ఆ మాట నా నోట్లో ఉండగానే ముప్పై చిలుకలు నెత్తి మీదనుంచి అరుచుకుంటూ ఆ గట్టుకే పోయాయి. హెండ్రిక్ వాటిని చూశాడు, నన్ను చూశాడు. నా మొహం మాడిపోయింది. అయినా లెక్క చూసుకుంటే మూడు కాకముందే శాన్ వాలెంతీన్ చేరతాం. వెనక్కి తిరిగి యుఫ్రాసియాకు మూడు వేళ్ళు చూపించాను. ఆమె తల ఊపింది. మూడు రోజుల్లో మొదటిసారి ఆ మొహంలో కాస్త వెలుగు చూశాను.

పన్నెండు దాటిన కాసేపటికి మోటారు ఆగిపోయింది.

పాడైందనుకున్నాను. వెనక్కి తిరిగితే యుఫ్రాసియా చెయ్యి లేచి ఉంది. ఎడమ చేతిలో దుంప, కుడి చెయ్యి పైకి, వేలు కుడి ఒడ్డు వైపు. ఇసుక తిన్నె చివర, కొట్టుకొచ్చిన మాను మీద, పులి.

ఆ చెయ్యి ఆమెకు తెలియకుండా లేచింది. ఇది నేను ప్రమాణం చేసి చెబుతాను. పాతికేళ్ళు చేసిన పని ఆ చేతిచేత అది చేయించింది. మోటారు ఆగాక ఆమె ముందు పులి వైపు కాదు, తన చేతి వైపు చూసింది. తర్వాత దాన్ని మెల్లగా దించి, ఒళ్ళో పెట్టి, రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది.

అప్పటికే నలుగురూ చూసేశారు. నా పక్కనున్నామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. హెండ్రిక్ కెమెరా ఎత్తి ఒకదాని వెనక ఒకటి ఫోటోలు తీస్తున్నాడు. పులి మా వైపు ఒకసారి చూసి, ఆవులించి, తల కాళ్ళ మీద పెట్టుకుంది. దానికేం తొందర లేదు.

పావుగంట చూశాను. “ఇక పోదాం,” అన్నాను గొంతు తగ్గించి.

హెండ్రిక్ నా చెయ్యి పట్టుకున్నాడు. “ఇంకొంచెంసేపు, దయచేసి. నాకు డెబ్బై నాలుగు. మళ్ళీ రాలేను.”

అప్పుడు చెప్పేయాల్సింది. నాలుక చివర దాకా వచ్చింది. వెనక్కి చూస్తే యుఫ్రాసియా నా మొహంలో అది కనిపెట్టి తల అడ్డంగా ఆడించింది, వద్దని. కళ్ళనిండా నీళ్ళున్నాయి. ఆ తల ఆడటం వంక పెట్టుకుని నేను ఊరుకున్నాను. పులి లేచింది, ఒళ్ళు విరుచుకుంది, నీళ్ళలోకి దిగి తాగింది, తిన్నె మీద ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. అలాంటిది నా పందొమ్మిదేళ్ళలో రెండోసారి. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ గంటలో నేనూ ఫోటోలు తీశాను. ఏడు తీశాను. బాగా వచ్చాయి.

పులి అడవిలోకి పోయాక వాచీ చూసుకుంటే గంటా పావు అయింది.

అమాదో మోటారును చంపేస్తాడేమో అన్నంతగా పరిగెత్తించాడు. యాత్రికులు ఒకరి ఫోటోలు ఒకరికి చూపించుకుంటున్నారు. హెండ్రిక్ వెనక్కి వెళ్ళి, యుఫ్రాసియా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, “మీ కళ్ళు నాకు జీవితంలో పెద్ద బహుమతి ఇచ్చాయి,” అన్నాడు. నన్ను అనువదించమన్నాడు. అనువదించాను. ఆమె “సరే” అంది.

నాలుగింటికి శాన్ వాలెంతీన్ రేవు తగిలింది. పడవ ఆగకముందే యుఫ్రాసియా నడుం లోతు నీళ్ళలోకి దూకి, దుప్పటి నెత్తిన పెట్టుకుని, గట్టు ఎక్కి పరిగెత్తింది. యాత్రికులు నా వైపు చూశారు. అక్కడే ఉండమని చెప్పి నేనూ వెనకే పరిగెత్తాను. దుప్పటి పట్టడానికి మనుషులు కావాలి.

గుమ్మంలో లూసమ్మ ఎదురొచ్చింది. ఆ ఊరి ముసలావిడ, పురుళ్ళు చూస్తుంది. “మూడు దాటాక నీరు పోయింది యుఫ్రాసియా,” అంది. “పట్టుకోలేకపోయాను తల్లీ. నువ్వు చెప్పినట్టే ఎడమ పక్కకే పడుకోబెట్టాను. చెవి పెడితే మొన్నటి నుంచి గుండె టకటకా వినపడేది. ఇందాకటి నుంచి వినపడ్డం లేదు.”

యుఫ్రాసియా దుప్పటి గుమ్మంలో జారవిడిచి లోపలికి పోయింది. నన్ను రానివ్వలేదు. బయట గోడకు ఆనుకుని విన్నాను. మధ్య మధ్య యుఫ్రాసియా గొంతు వినబడేది, వంట పురమాయించినంత మామూలుగా. “ఊపిరి తీసుకో. ఇప్పుడు కాదు. ఇప్పుడు. ఇంకొకటి.” బిడ్డ తిరగలేదు. నెల తక్కువ బిడ్డ, చిన్నది కాబట్టి, లోపలికి చెయ్యి పెట్టి కాళ్ళు పట్టుకుని తీసింది. తల్లి ప్రాణం నిలబెట్టింది. ఆడపిల్ల. ఏడుపు వినబడలేదు.

హెండ్రిక్ ఎప్పుడొచ్చాడో నా వెనక నిలబడి ఉన్నాడు. ఊళ్ళో ఎవరో సైగలతో చెప్పినట్టున్నారు. టోపీ చేతిలో ఉంది.

“నాకెందుకు చెప్పలేదు?” అన్నాడు. “ఒక్క మాట చెబితే చాలు కదా. ఒక్క మాట.”

ఆమె చెప్పద్దంది అనబోయాను. అది నిజమే. కానీ ఆ నిజం వెనక దాక్కోవడానికి సిగ్గేసింది. ఆయన వెళ్ళి పడవ దగ్గర ఇసుకలో కూర్చున్నాడు. తర్వాత అమాదో చెప్పాడు, కెమెరాలోని ఫోటోలన్నీ ఒక్కొక్కటే తుడిచేశాడట.

నన్ను లోపలికి పిలిచారు. బిడ్డను గుడ్డలో చుట్టి పక్కన పడుకోబెట్టారు. తలకు ఆ ఉన్ని టోపీ పెట్టారు. నేలిదా మొహం మైనంలా ఉంది. తల్లి చెయ్యి పట్టుకుని ఉంది.

“ఇంత ఆలస్యమైందేంటమ్మా?” అని అడిగింది. నిందగా కాదు. దారి ఎలా ఉంది అని అడిగినట్టు అడిగింది.

“మోటారు పాడైంది నేలిదా,” అన్నాను నేను వెంటనే. “గంటకు పైగా నది మధ్యలో ఆగిపోయాం. అమాదో నానా తిప్పలు పడి బాగుచేశాడు.”

యుఫ్రాసియా నా వైపు చూసింది. పదిహేడేళ్ళుగా నేను ఆమె పక్కన నిలబడి చెప్పిన అబద్ధాలను ఒక్కటీ కొట్టిపారేయని మనిషి. ఇదొక్కటి కొట్టిపారేసింది.

“మోటారుకేం కాలేదు తల్లీ,” అంది. “పులి కనపడింది. నేనే చెయ్యెత్తాను.”

నేలిదా తల్లిని చాలాసేపు చూసింది. అర్థం కాక చూసిందో, అర్థమై చూసిందో నాకు తెలియదు. తర్వాత పట్టుకున్న చెయ్యి వదిలేసి, వెదురు గోడ వైపు తిరిగి పడుకుంది.

మరునాడు పిల్లను పూడ్చాక మేం వెళ్ళిపోయాం. యుఫ్రాసియా రాలేదు. ఆ యాత్ర మిగతా రోజులు వంట నేనే చేశాను. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు, ఎవరూ సరిగా తినలేదు.

ఆమె ఇంకా అక్కడే ఉంది, కూతురి ఇంటి పక్కన చిన్న పాక వేసుకుని. నేలిదా ఒంట్లో కోలుకుంది, తోట పనికి పోతుంది, తల్లితో అవసరమైన నాలుగు ముక్కలు మాట్లాడుతుంది. పోయిన నెల పడవ ఆపి చూసొచ్చాను. యుఫ్రాసియా సూపు కాచి, మూతపెట్టి, కూతురి గుమ్మంలో పెట్టి వచ్చింది. రోజూ పెడుతుందట.

“తింటుందా పిన్నీ?” అన్నాను.

“ఇంకా లేదు నాయనా,” అంది. “నువ్వు కూర్చో. నీకూ ఉంది.”

కూర్చుని తిన్నాను. ఎప్పటిలాగే ఉంది. నేను లేచే వేళకు గుమ్మంలో గిన్నె మూత తియ్యకుండా అలాగే ఉంది. ఆమె వెళ్ళి దాన్ని వెనక్కి తెచ్చుకుని, పొద్దుటికి కొత్తగా కాయడానికి దుంపలు చెక్కడం మొదలుపెట్టింది.